ఒకే డిస్కు, రెండు సర్వర్లు: శ్రీకాకుళం ఆసుపత్రిలో క్లస్టర్ కట్టిన అనుభవం

శ్రీకాకుళం పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ వ్యవస్థల బాధ్యత నాది. రోగుల వివరాలు, ల్యాబ్ ఫలితాలు, స్కానింగ్ చిత్రాలు, మందుల నిల్వలు, బిల్లులు అన్నీ చాలాకాలం ఒకే సర్వర్ మీద నడిచేవి. ఆ సర్వర్ ఆగినప్పుడల్లా అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది డయాలసిస్ విభాగం. ఉద్దానం పల్లెల నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చిన రోగికి ఆ పూట ఒంట్లోంచి ఎంత నీరు తీయాలో నిర్ణయించాలంటే అతని డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) ఎంత, క్రితంసారి పడక దిగేటప్పుడు ఎంత తూగాడు, మధ్యలో బీపీ పడిపోయిందా, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎంత ఇచ్చారు అన్న వివరాలన్నీ నర్సు కళ్లముందు ఉండాలి. కాగితం రిజిస్టర్ ఉంటుంది గాని, వారానికి రెండు మూడుసార్లు వచ్చే అంతమంది పాత పేజీలు వెతికి చూడడం ఉదయం షిఫ్టులో సాధ్యమయ్యే పని కాదు. అందువల్ల ఒక సర్వర్ పోయినా రెండోది నిమిషాల్లో పని అందుకునేలా హై అవైలబిలిటీ క్లస్టర్ కట్టాలని యాజమాన్యం నిర్ణయించింది. నేనూ నా సహోద్యోగి ఒకరూ కలిసి ఆ పని చేశాము.

మొదట్లో చర్చ అంతా డిస్కును రెండు సర్వర్లకు ఎలా చూపించాలన్న దాని చుట్టూనే తిరిగింది. ఆ భాగం తొందరగానే పూర్తయింది. మా సమయాన్ని, ఆలోచనను తీసుకున్నది వేరొకటి: ఒక సర్వర్ రాస్తుండగా రెండోది రాయకుండా ఆపడం, ఆపామన్న సంగతి అనుమానానికి తావు లేకుండా నిర్ధారించుకోవడం. ఈ అనుభవాన్ని రాయడానికి కారణం కూడా అదే. చిన్న ఊళ్లలో ఆసుపత్రులకు, కళాశాలలకు, సహకార బ్యాంకులకు ఇటువంటి ఏర్పాట్లు చేసేవారు చాలామంది ఈ రెండో భాగాన్ని "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టడం నేను చూశాను.

డేటాబేస్‌ను మాత్రమే కాపాడుకోవాలంటే మేము వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉన్న స్ట్రీమింగ్ రెప్లికేషన్ (మార్పులను ఎప్పటికప్పుడు రెండో సర్వర్‌కు పంపే పద్ధతి) సరిపోయేది. కానీ మా దగ్గర స్కానింగ్ చిత్రాలు, ఆసుపత్రి ముద్రతో భద్రపరిచిన రిపోర్టులు మామూలు ఫైళ్లుగా పెద్ద మొత్తంలో ఉన్నాయి. రెండు సర్వర్ల సొంత డిస్కులను నెట్‌వర్కు మీదుగా ఎప్పటికప్పుడు ఒకేలా ఉంచే డీఆర్‌బీడీ పద్ధతినీ పరిశీలించాము. అదీ మంచి మార్గమే. అయితే రెండు కంట్రోలర్లున్న స్టోరేజి పెట్టె మాకు అప్పటికే ఉంది. అందులో డేటాను పలు డిస్కుల మీద పంచి ఉంచే రెయిడ్ 6 అమర్చి ఉండడం వల్ల రెండు డిస్కులు ఒకేసారి పోయినా డేటా నిలుస్తుంది. అందుకే ఆ పెట్టెలోని వాల్యూములను (సర్వర్‌కు డిస్కుల్లా కనబడే భాగాలను) ఐస్కజీ ద్వారా, అంటే నెట్‌వర్కు మీదుగా డిస్కును అందించే పద్ధతిలో, రెండు సర్వర్లకూ ఇవ్వాలని నిశ్చయించుకున్నాము.

తీగల అమరిక గురించి క్లుప్తంగా చెబుతాను. స్టోరేజి కోసమే రెండు వేర్వేరు స్విచ్‌లు, రెండు వేర్వేరు సబ్‌నెట్లు పెట్టాము. ప్రతి సర్వర్ నుంచి ఒక్కో స్విచ్‌కు ఒక్కో తీగ వెళుతుంది. ప్రతి స్విచ్ నుంచి రెండు కంట్రోలర్లకూ తీగలు వెళతాయి. దీనివల్ల ఒకే వాల్యూమ్ సర్వర్‌కు నాలుగు దారుల్లో నాలుగు వేర్వేరు డిస్కులుగా కనబడుతుంది. లినక్స్‌లోని మల్టీపాత్ ఆ నాలుగింటి గుర్తింపు సంఖ్య ఒకటేనని గ్రహించి వాటిని ఒకే పేరు కింద చేరుస్తుంది. ఆ తర్వాత ఏ పని చేసినా ఆ పేరుతోనే చేయాలి గాని, కింద ఉన్న విడి డిస్కుల జోలికి పోకూడదు. రెండు సర్వర్లను ఒకే ఇమేజి నుంచి ఇన్‌స్టాల్ చేస్తే ఐస్కజీ ఇనిషియేటర్ పేరు (స్టోరేజికి సర్వర్ తనను పరిచయం చేసుకునే పేరు) రెండింటిలోనూ ఒకటే ఉండిపోతుంది కాబట్టి దాన్ని విడివిడిగా మార్చాము. ఆ రెండు పేర్లకు మాత్రమే వాల్యూములు కనబడేలా స్టోరేజిలో హద్దు పెట్టి, లాగిన్ తనిఖీకి చాప్ పాస్‌వర్డులు కూడా ఇచ్చాము.

ఇక్కడ ఒక పరీక్షను నొక్కి చెప్పవలసి ఉంది. స్టోరేజి నెట్‌వర్కులో ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో వెళ్లగల గరిష్ఠ పరిమాణం) 9000 బైట్లు పెట్టుకున్నప్పుడు, సర్వర్ నుంచి స్టోరేజి దాకా దారిలో ఉన్న ప్రతి పోర్టూ దాన్ని ఒప్పుకోవాలి. ఎక్కడో ఒకచోట 1500 ఉండిపోతే లాగిన్ అవుతుంది, డిస్కు కనబడుతుంది, చిన్న చిన్న ఆదేశాలు పనిచేస్తాయి, పెద్ద రాతలు మాత్రం నిలిచిపోతాయి. చూసేవారికి స్టోరేజి చెడిపోయిందనిపిస్తుంది. హెడర్ల 28 బైట్లు పోగా మిగిలే 8972 బైట్ల పింగ్‌ను, ముక్కలు చేయవద్దన్న షరతుతో, నాలుగు దారుల్లోనూ పంపి చూసుకున్నాకనే మేము ముందుకు కదిలాము.

ఈ దశకు వచ్చేసరికి ఒకే వాల్యూమ్ రెండు సర్వర్లకూ కనబడుతోంది. పని అయిపోయిందని చాలామంది అనుకునేది ఇక్కడే. "రెండింటిలోనూ మౌంట్ చేసేస్తే సరి కదండీ, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు" అని మా అకౌంట్స్ అధికారి అడిగారు. మౌంట్ అంటే డిస్కును వాడకానికి తెరవడం. ఆ ప్రశ్నకు మాటలతో కంటే చేసి చూపించడం మేలని, ఎవరికీ అక్కరలేని ఒక చిన్న వాల్యూమ్ తీసుకుని, దాని మీద ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) వేసి, నమూనా ఫైళ్లతో ప్రయోగం చేశాము.

మొదటి సర్వర్‌లో మౌంట్ చేసి ఫైళ్లు రాయడం మొదలుపెట్టాము. అది నడుస్తుండగానే రెండో సర్వర్‌లో మౌంట్ చేస్తే ఏ అభ్యంతరమూ చెప్పకుండా అయిపోయింది. అంతేకాదు, డిస్కు మీద "రికవరీ అవసరం" అన్న గుర్తు చూసి, పాత సర్వర్ ఎక్కడో కూలిపోయి ఉంటుందనుకుని, బతికున్న జర్నల్‌ను (చేయబోయే మార్పులను ముందుగా రాసుకునే చిట్టాను) రెండో సర్వర్ తానే తిరిగి నడిపించేసింది. ఆ తర్వాత మొదటి దానిలో రాసిన కొత్త ఫైళ్లు రెండో దానిలో కనబడలేదు. రెండో దానిలోనూ కొన్ని ఫైళ్లు రాసి, రెండుచోట్లా అన్‌మౌంట్ చేసి, ఫైల్ సిస్టమ్‌ను తనిఖీ చేస్తే, డిస్కు మీది ఒకే బ్లాకును రెండు మూడు ఫైళ్లు తమదంటున్నాయన్న ఫిర్యాదులతో తెర నిండిపోయింది. ఒక నమూనా ల్యాబ్ రిపోర్టును తెరిచి చూపించాను: పైభాగంలో ఒక రోగి పేరు, క్రియాటినిన్ విలువ, కింది భాగంలో పూర్తిగా వేరొక ఫైలులోని పంక్తులు. గదిలో అందరికీ విషయం అర్థమైంది.

కారణం సూటిగా చెప్పవచ్చు. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైల్ సిస్టములు డిస్కు తమ ఒక్కరిదేనన్న నమ్మకంతో రాయబడ్డాయి. ఏ బ్లాకు ఖాళీగా ఉందో, ఏ ఫైలు ఎక్కడుందో తెలిపే పట్టికలను అవి తమ మెమరీలో ఉంచుకుని, వాటి ఆధారంగానే నిర్ణయాలు తీసుకుంటాయి. అవతలి యంత్రం డిస్కు మీద ఏం మార్చిందో మళ్లీ చదివి చూడవు. ఒకే ఊరి అడంగల్‌ను ఇద్దరు కరణాలు ఎవరి ఇంట్లో వారు నకలు రాసుకుని, ఖాళీగా కనబడిన బంజరుకు చెరొక రైతు పేరున పట్టా రాసిచ్చినట్లు ఉంటుంది ఆ వ్యవహారం. ఈఎక్స్‌టీ4లో ఎంఎంపీ అనే రక్షణ ఉంది. దాన్ని ఆన్ చేస్తే డిస్కు మీద ఒక సంఖ్య ఎప్పటికప్పుడు మారుతూ ఉండి, అది మారుతున్నంతసేపూ రెండో మౌంట్‌ను ఒప్పుకోదు. మంచిదే గాని అదొక హెచ్చరిక వరకే పనికొస్తుంది.

రెండు సర్వర్లూ ఒకేసారి రాయగల ఫైల్ సిస్టములు లేకపోలేదు. జీఎఫ్ఎస్2, ఓసీఎఫ్ఎస్2 రెండూ 2006 నుంచి లినక్స్ కెర్నల్‌లో ఉన్నాయి. జీఎఫ్ఎస్2లో ప్రతి నోడ్‌కూ (క్లస్టర్‌లోని ఒక్కో సర్వర్‌కూ) ఒక్కో జర్నల్ ఉంటుంది. ఎవరు దేన్ని ముట్టుకోవాలన్నా డీఎల్ఎమ్ అనే తాళాల వ్యవస్థ ద్వారా అవతలివారి అనుమతి తీసుకోవాలి. ఒకే డైరెక్టరీలో వేలకొద్దీ చిన్న ఫైళ్లను రెండు నోడ్లూ సృష్టిస్తూ ఉంటే ఆ తాళాల రాకపోకలకే ఎక్కువ సమయం పోతుంది, మా స్కానింగ్ చిత్రాల తీరు సరిగ్గా అటువంటిదే. పోస్ట్‌గ్రెస్ విషయంలోనైతే అది ఎటూ పనికిరాదు, ఎందుకంటే ఒక డేటా డైరెక్టరీ మీద ఒక సమయంలో ఒకే సర్వర్ నడవాలి. ప్రధాన సర్వర్ నడుస్తుండగా స్టాండ్‌బై ఆ డిస్కును తాకనే కూడదని దాని అధికారిక పత్రాలే చెబుతున్నాయి. అందువల్ల ఎక్స్‌ఎఫ్‌ఎస్‌నే ఉంచుకుని, ఏ క్షణంలోనైనా ఒక వాల్యూమ్ ఒకే నోడ్‌లో మౌంట్ అయి ఉండేలా చూడాలని నిర్ణయించుకున్నాము. డేటాబేస్ వాల్యూమ్ మామూలుగా మొదటి నోడ్‌లో, చిత్రాల వాల్యూమ్ రెండో నోడ్‌లో ఉంటాయి. ఒకటి పోతే రెండూ మిగిలినదాని మీదికి వెళతాయి.

ఈ కాపలాకు మూడు పొరలున్నాయి. వాల్యూములను నిర్వహించే లినక్స్ సాధనం ఎల్‌వీఎమ్‌లో ప్రతి వాల్యూమ్ గ్రూపు మీద దాని యజమాని నోడ్ పేరును సిస్టమ్ ఐడీగా రాయవచ్చు. ఆ పేరు తనది కాకపోతే మరొక నోడ్ దాన్ని వాడదు. యంత్రం లేవగానే వాల్యూములు వాటంతటవే తెరుచుకోకుండా ఆటో యాక్టివేషన్‌ను ఆపాము. ఆ పైన, ఏ నోడ్‌లో ఏది నడవాలో చూసే పేస్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్: ముందు వాల్యూమ్ గ్రూపును తెరవడం, తర్వాత మౌంట్ చేయడం, తర్వాత డేటాబేస్‌ను లేపడం, చివరగా అందరూ వెతుక్కునే ఐపీ చిరునామాను పెట్టడం, ఆపేటప్పుడు సరిగ్గా తలకిందులు క్రమం. నోడ్ల మధ్య మాటలు కోరోసింక్ ద్వారా నడుస్తాయి. మూడో పొర ఫెన్సింగ్, అంటే అనుమానం ఉన్న నోడ్‌ను బలవంతంగా డిస్కుకు దూరం చేయడం. మొదటి రెండు పొరలూ యంత్రాలు బుద్ధిగా ప్రవర్తించినంతకాలమే పనిచేస్తాయి. ఏదైనా చెడినప్పుడు నిలబడేది మూడోదే.

ఇద్దరి మధ్య నెట్‌వర్కు తెగిందనుకుందాం. రెండో నోడ్‌కు మొదటిది పలకడం లేదు. అది నిజంగా చచ్చిపోయిందా, కాసేపు బిగుసుకుపోయి మళ్లీ కదలబోతోందా, మాట వినబడకపోయినా డిస్కు మీద రాస్తూనే ఉందా అన్నది రెండో నోడ్‌కు ఏ విధంగానూ తెలియదు. మూడింటిలోనూ దానికి వినబడేది ఒకే నిశ్శబ్దం. ఆ స్థితిలో వాల్యూమ్‌ను తాను తీసుకోవాలంటే మొదటి నోడ్‌ను బలవంతంగా ఆపి, ఆగిందని ధ్రువీకరణ పొందిన తర్వాతే తీసుకోవాలి. ఓట్ల లెక్క కోసం క్లస్టర్‌కు బయట, వేరే భవనంలోని ఒక చిన్న యంత్రం మీద క్వోరమ్ డివైస్ పెట్టాము. సరిసగంగా చీలినప్పుడు అది ఒకే పక్షానికి ఓటు వేస్తుంది. కానీ ఓటు పోగొట్టుకున్న నోడ్ ఆ సంగతి తెలుసుకునేలోపు దాని క్యూలో ఉన్న రాతలు డిస్కును చేరవచ్చు. కాబట్టి క్వోరమ్ (మెజారిటీ ఓటు) ఉందని ఫెన్సింగ్‌ను మానుకోవడం తప్పు.

ప్రతి సర్వర్‌లోనూ ఐపీఎమ్ఐ ద్వారా పలికే చిన్న నిర్వహణ చిప్ ఉంటుంది. అవతలి నోడ్ దానికి ఆదేశమిస్తే సర్వర్ విద్యుత్తు పోతుంది. మేము మొదట దాన్నే ఫెన్సింగ్‌గా పెట్టి పరీక్షించాము. పరీక్ష రోజున సర్వర్ గదిలో ఉన్న మా ఎలక్ట్రీషియన్ పెద్దాయన, మొదటి నోడ్ దానంతటది ఆరిపోవడం చూసి, "ఏటి బాబూ, నడుస్తున్న మిషన్ని నీ చేత్తో నువ్వే ఆపేస్తన్నావేటి?" అన్నారు. "అవును బాబాయ్, రెండోది తీసుకోవాలంటే ఇది ఆగిందని గట్టిగా తెలియాలి" అని చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, లైను మీద పని చేసేటప్పుడు సబ్‌స్టేషన్‌లో కరెంటు ఆపించి, ఆపామన్న మాట వచ్చాకే స్తంభం ఎక్కుతామని, అలాంటిదే కదా అని అన్నారు. నేను చాలామంది ఇంజనీర్లకు వివరించలేకపోయిన సంగతి ఆయనకు వెంటనే అందింది.

తర్వాతి పరీక్ష ఆయన సూచించినదే: సర్వర్ రెండు పవర్ తీగలనూ గోడ దగ్గరే లాగేయడం. మొదటి నోడ్ పూర్తిగా ఆరిపోయింది. రెండో నోడ్ మాత్రం వాల్యూమ్‌ను తీసుకోలేదు. ఫెన్సింగ్ విఫలం, మళ్లీ ప్రయత్నం, మళ్లీ విఫలం అని లాగ్‌లో పంక్తులు పేరుకుంటూ పోయాయి. సర్వర్‌కు విద్యుత్తు లేకపోతే ఐపీఎమ్ఐ చిప్‌కూ ఉండదు, అది జవాబివ్వదు, జవాబు రానంతకాలం అవతలి యంత్రం ఆగిందన్న ధ్రువీకరణ లేదు, ధ్రువీకరణ లేకుండా పేస్‌మేకర్ కదలదు. ఎదురుగా యంత్రం ఆరిపోయి కనిపిస్తుంటే క్లస్టర్ ఎందుకు మొరాయిస్తోందని మా డైరెక్టరు గారు అడిగారు. అది చేస్తున్నది సరైన పనేనని, మాకు కనబడుతున్నది దానికి కనబడదని చెప్పి, రెండో మార్గం ఏర్పాటు చేస్తామన్నాను. ఇటువంటి సమయంలోనే కొందరు ఫెన్సింగ్‌ను పూర్తిగా ఆపేసి "ఇప్పుడు బాగా పనిచేస్తోంది" అని సంతోషిస్తారు; మా చిన్న వాల్యూమ్ మీద చూసిన దృశ్యం అప్పుడు అసలు డేటాబేస్ మీద జరుగుతుంది.

రెండో మార్గంగా స్టోరేజినే కాపలాకు వాడుకున్నాము. డిస్కులతో మాట్లాడడానికి వాడే స్కజీ-3 ప్రమాణంలో పర్సిస్టెంట్ రిజర్వేషన్ అనే సదుపాయం ఉంది. ప్రతి నోడ్ వాల్యూమ్ దగ్గర తన తాళంచెవిని నమోదు చేసుకుంటుంది. నమోదైన చెవులున్నవారే రాయగలరు. ఒక నోడ్‌ను కంచె వెలుపల పెట్టాలంటే బతికున్న నోడ్ దాని చెవిని కొట్టివేస్తుంది. ఆ తర్వాత పాత నోడ్ నుంచి వచ్చే ప్రతి రాతనూ స్టోరేజి కంట్రోలరే తిరస్కరిస్తుంది. ఆ నోడ్‌కు విద్యుత్తు ఉందా లేదా అన్న ప్రశ్నే దీనికి అవసరం లేదు. కొనేముందు స్టోరేజి పెట్టె ఈ సదుపాయాన్ని ఇస్తుందో లేదో తప్పక అడగాలి. పరీక్షించడానికి లినక్స్‌లో ఆదేశాలున్నాయి. మల్టీపాత్ వాడేవారు నాలుగు దారులకూ ఒకే చెవి నమోదయ్యేలా, మల్టీపాత్‌కు తగిన ఫెన్సింగ్ ఏజెంటును ఎంచుకోవాలి. పేస్‌మేకర్‌లో ఐపీఎమ్ఐని మొదటి మెట్టుగా, దీన్ని రెండో మెట్టుగా పెట్టి, పవర్ తీగలను మళ్లీ లాగాము. ఐపీఎమ్ఐ విఫలమయ్యాక చెవి తొలగింది, రెండో నోడ్ వాల్యూమ్‌ను తెరిచింది, డేటాబేస్ లేచింది, డయాలసిస్ విభాగంలో పరీక్ష కోసం తెరిచి ఉంచిన పేజీ మళ్లీ పలికింది. ఆ సాయంత్రం మాకు కలిగిన తృప్తి చెప్పలేనిది.

కాలపరిమితుల విషయంలోనూ జాగ్రత్త కావాలి. స్టోరేజి దారి తెగితే, తిరిగి కలుస్తుందేమోనని ఐస్కజీ మామూలుగా 120 సెకన్లు ఎదురుచూస్తుంది. మల్టీపాత్ ఉన్నప్పుడు అంతసేపు ఆగడం అనవసరం, వేరే దారులున్నాయి కాబట్టి ఆ పరిమితిని కొన్ని సెకన్లకు తగ్గించాము. దీనికి భిన్నంగా, అన్ని దారులూ పోయినప్పుడు మల్టీపాత్ ఎంతసేపు రాతలను పట్టి ఉంచాలన్నది ఆలోచించి పెట్టవలసిన విలువ. శాశ్వతంగా పట్టి ఉంచమంటే అన్‌మౌంట్ కూడా నిలిచిపోతుంది. ఆపలేకపోయిన వనరు ఉన్న నోడ్‌ను పేస్‌మేకర్ ఫెన్స్ చేస్తుంది. మరీ తక్కువ పెడితే స్టోరేజిలో ఒక కంట్రోలర్ నుంచి మరొకదానికి పని మారే కాస్త సమయంలోనే లోపాలు పైకి వచ్చి, అవసరం లేకుండా డేటాబేస్ పడిపోతుంది. కంట్రోలర్‌ను మేమే రీస్టార్ట్ చేయించి, మారడానికి పట్టే సమయం చూసుకుని, దానికంటే తగినంత ఎక్కువ పెట్టాము. రాత విఫలమైందని తెలిసినప్పుడు డేటాబేస్ ఆగిపోవడమే మంచిదన్నది గుర్తుంచుకోవాలి. 2019 ఫిబ్రవరిలో విడుదలైన సవరణల నుంచి పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌సింక్ (రాసినదాన్ని డిస్కుకు చేర్చమనే ఆదేశం) విఫలమైతే మళ్లీ ప్రయత్నించకుండా ఆగి, జర్నల్ నుంచి కోలుకుంటుంది. అంతకుముందు వెర్షన్లు వాడేవారు క్లస్టర్ కంటే ముందు దాన్ని మార్చుకోవాలి.

మన ప్రాంతంలో విద్యుత్తు గురించి విడిగా ఆలోచించక తప్పదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ మిగిల్చిన చీకటి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. ఎలక్ట్రీషియన్‌తో కలిసి ప్రతి తీగనూ చివరిదాకా వెంబడించి చూస్తే, స్టోరేజి స్విచ్‌లు రెండూ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయని తేలింది. వాటిని రెండు యూపీఎస్‌లకు విడదీశాము. లేకపోతే ఆ ఒక్క యూపీఎస్ పోయిన క్షణాన రెండు నోడ్లూ డిస్కును ఒకేసారి కోల్పోయేవి. దీర్ఘకాలం కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు సర్వర్లు లేచేదాని కంటే స్టోరేజి కంట్రోలర్లు సిద్ధం కావడానికి ఎక్కువ సమయం పడుతుంది. అందుకని సర్వర్ లేవగానే క్లస్టర్ దానంతటది మొదలు కాకుండా ఆపి, స్టోరేజి, స్విచ్‌లు, సర్వర్లు అన్న క్రమంలో చూసుకుని, నాలుగు దారులూ కనబడ్డాకనే క్లస్టర్‌ను చేత్తో మొదలుపెట్టాలని తెలుగులో రాసి గది తలుపు లోపల అతికించాము. ఫెన్స్ అయిన నోడ్ విషయంలోనూ అంతే: ఎందుకు ఫెన్స్ అయిందో మనిషి చూసిన తర్వాతే దాన్ని తిరిగి చేర్చుకుంటాము.

క్లస్టర్ నడకలోకి వచ్చాక కెర్నల్ మార్పులు, ఫర్మ్‌వేర్ పనులు డయాలసిస్ షిఫ్టుల మధ్య ఖాళీలో, ఒక నోడ్ తర్వాత ఒకటిగా చేస్తున్నాము. అయితే స్టోరేజి పెట్టె ఒక్కటే అన్నది మారలేదు. తప్పుడు ఆదేశంతో ఒక టేబుల్ చెరిగిపోతే రెండు నోడ్లూ అదే చెరిగిన టేబుల్‌ను చూస్తాయి. అందుకని డేటాబేస్ బేస్ బ్యాకప్, లాగ్ ఫైళ్లు, చిత్రాల నకళ్లు విజయనగరంలోని మా శాఖకు రోజూ వెళ్లేలా ఏర్పాటు చేసి, అక్కడ వాటిని తిరిగి నిలబెట్టి చూస్తున్నాము. యాజమాన్యానికి క్లస్టర్ ఉన్నాక బ్యాకప్ ఖర్చెందుకన్న సందేహం రావడం సహజం. దానికి గట్టిగా సమాధానం చెప్పి ఒప్పించడం కూడా మన పనిలో భాగమే.

ఇటీవల చిత్రాల వాల్యూమ్ నిండుతూ వచ్చి దాన్ని పెంచవలసి వచ్చింది. స్టోరేజిలో పరిమాణం పెంచాక, రెండు నోడ్లలోనూ ఐస్కజీ సెషన్లను తిరిగి స్కాన్ చేయాలి, రెండింటిలోనూ మల్టీపాత్‌కు కొత్త పరిమాణం చెప్పాలి. ఎల్‌వీఎమ్‌ను, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను పెంచడం మాత్రం ఆ వాల్యూమ్ మౌంట్ అయి ఉన్న నోడ్‌లోనే జరగాలి. కొత్తగా చేరిన అబ్బాయికి నేర్పించడానికి ఆ ఆదేశాన్ని ముందుగా ఆ వాల్యూమ్ మౌంట్ కాని నోడ్‌లో ఇవ్వమన్నాను. ఈ వాల్యూమ్ గ్రూపు వేరొక సిస్టమ్‌దని చెప్పి ఎల్‌వీఎమ్ దాన్ని ముట్టుకోలేదు. ఆ తర్వాత అసలు నోడ్‌లో పెంచాము. పెరిగేటప్పుడు మౌంట్ తీయనక్కరలేదు కాబట్టి స్కానింగ్ గదిలో పని ఆగలేదు.